క్షేమానికి కొలబద్ద ఎవరిది? – గూడెం మన్యం చరిత్రపై ఒక పరిశీలన

ఒక ప్రజ సుఖంగా ఉన్నదో లేదో చెప్పే హక్కు ఎవరిది అన్న ప్రశ్న చాలా పాతది. పాలకుడు తన ఖజానా చూసి చెబుతాడు. పండితుడు లెక్కల పట్టిక చూసి చెబుతాడు. బోధకుడు వారి ఓర్పు చూసి, తృప్తిగానే ఉన్నారని చెబుతాడు. ఆ బ్రతుకు బ్రతికే వారిని అడగటం మాత్రం అన్నిటికన్నా చివర జరుగుతుంది; ఒక్కొక్కప్పుడు జరగనే జరగదు. కొండ ప్రాంతాల వారి విషయంలో ఈ లోపం మరీ ఎక్కువ. వారికి కోరికలు లేవు, కనుక చింతలూ లేవు అనే మాట మైదాన ప్రాంతాల్లో ఎంతోకాలంగా వినిపిస్తున్నది. ఆ మాటలో మెచ్చుకోలు ఎంత ఉందో, బాధ్యత తప్పించుకోవటం కూడా అంత ఉంది.

ఖనాఅత్, అనగా ఉన్నదానితో తృప్తి చెందటం, ఇస్లాం మెచ్చిన సుగుణం. నిజమైన కలిమి ఆస్తిపాస్తులలో లేదని, మనసు కలిమిలోనే ఉన్నదని మహాప్రవక్త (స) బోధించిన విషయం పాఠకులకు తెలిసినదే. కనుకనే ఈ ప్రశ్నను ముస్లింలు కొంత శ్రద్ధగా విచారించవలసి ఉంది. ఒక పేదవాని ఖనాఅత్ అతనికీ అల్లాహ్‌కూ నడుమ ఉన్న విషయం. దానిని మరొకరు సాక్ష్యంగా తీసుకొని, “ఇతనికి లోటేమీ లేదు” అని తీర్పు చెప్పవచ్చునా? గూడెం మన్యం చరిత్రను ఈ దృష్టితో చదివితే కొన్ని సంగతులు తేటపడతాయి.

కొయ్యూరు పేరు తెలుగువారికి ముఖ్యంగా ఒకే కారణంగా తెలుసు. 1924 మే 7న అల్లూరి సీతారామరాజును ఆ ఊళ్లో కాల్చి చంపారు. దానికి ముందు ఆయన దగ్గరలోని మంప వద్ద పట్టుబడ్డాడు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. నేడు కొయ్యూరు 2022 ఏప్రిల్‌లో ఆయన పేరిట ఏర్పడిన జిల్లాలో ఒక మండలం. ఆనాడది విశాఖపట్నం ఏజెన్సీలో, గూడెం కొండలకు దిగువనున్న అడవి పల్లె. ఆ కొండల మీద, లోయల్లో బగతలు, కొండదొరలు, కోయలు, వాల్మీకులు, కొండ కమ్మరులు నివసిస్తూ వచ్చారు. అడవిని కొంతమేర నరికి, కాల్చి, ఆ బూడిద నేలలో విత్తి, రెండు మూడేళ్ల తరువాత మరో చోటికి మారే పోడు సేద్యం వారి ముఖ్య జీవనాధారం. కొన్ని గ్రామాలు కలిస్తే ఒక ముఠా. దానికి పెద్ద ముఠాదారు. అతడు ప్రభుత్వానికి స్వల్పమైన కప్పం చెల్లించి, తన ముఠాలోని తగవులు తానే తీర్చేవాడు. 1839 నాటి 24వ చట్టంతో కంపెనీ ప్రభుత్వం ఇటువంటి కొండ ప్రాంతాలను మామూలు న్యాయస్థానాల పరిధినుంచి తప్పించి, కలెక్టరును ఏజెంటుగా నియమించింది. ఏజెన్సీ అనే పేరు ఆనాటిది.

ఈ వ్యవస్థను స్వర్ణయుగంగా వర్ణించటం సరికాదు. ముఠాదారు పెత్తనం ఉంది, జ్వరాలున్నాయి, వానలు తప్పిన ఏడు ఆకలీ ఉంది. అయితే ఆ లోకంలో మనిషికి తన క్షేమాన్ని తూచుకునే తూకం ఒకటి ఉండేది: పోడుకు అడవి, తగవుకు ఇంటి పెద్ద, చెట్టుకు యజమానిగా తాను. పందొమ్మిదో శతాబ్దం చివరికి ఈ మూడింటిలోనూ ఇతరుల చేయి పడింది.

మొదట చెట్టు విషయం చూద్దాం. గూడేనికి నైరుతిన, గోదావరి జిల్లాలోని రంప దేశంలో జీలుగు, తాటి చెట్ల నుంచి కల్లు గీసుకోవటం ఇంటి అవసరాలకు స్వేచ్ఛగా సాగే పని. అబ్కారీ నిబంధనలు దానిని మాన్పించాయి. రంప మన్సబుదారు ఆ హక్కును గుత్తకు ఇచ్చి, తన కొత్త పన్నులు కూడా దానిపై కలిపాడు. దీనికి తోడు, మైదానపు వర్తకులు అప్పు పత్రాలతో కోర్టుకెక్కితే, చదువురాని కొండవాడు డిక్రీ కింద పశువులనూ పంటనూ పోగొట్టుకునేవాడు. 1879 మార్చిలో తిరుగుబాటు మొదలై, వెంటనే గొలుగొండ కొండలకు, తరువాత భద్రాచలం వైపుకు వ్యాపించింది. 1880 దాకా సైన్యం నడిచింది. ఆ పిమ్మట జరిగిన విచారణలో ప్రజల ఫిర్యాదులు న్యాయమైనవేనని ప్రభుత్వమే ఒప్పుకొని మన్సబుదారును తొలగించింది.

మద్యం విషయంలో ఇస్లాం తీర్పు తెలిసిన పాఠకునికి ఈ ఫిర్యాదు వింతగా తోచవచ్చు. కాని ఫిర్యాదు సారం పానీయంలో లేదు. పన్ను ఎంత అన్నది ఒక సంగతి. తాత నాటినుంచి తమదైన చెట్టు దగ్గర పరాయివాని అనుమతి కోసం నిలబడవలసి రావటం మరో సంగతి. రెవెన్యూ లెక్కల్లో మొదటి దానికే గడి ఉంటుంది.

రెండవది అడవి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద ఒక ప్రాంతాన్ని రిజర్వు చేయదలచినప్పుడు ప్రకటన చేసి, హక్కులున్నవారు గడువులోగా తెలియజేయాలని కోరతారు. తెలియజేయని హక్కులు పోయినట్టే లెక్క. చదువు లేని, కచేరీ దారి తెలియని జనానికి ఇది ఎటువంటి న్యాయమో ఊహించటం కష్టం కాదు. ఇరవయ్యో శతాబ్దపు మొదటి రెండు దశాబ్దాలలో గూడెం కొండల్లో పోడుపై ఆంక్షలు బిగిశాయి. కంపకట్టె కొట్టినా, పశువును మేపినా ఫారెస్టు గార్డు దయ కావాలి. ఆ దయకు కోడి, తేనె, నెయ్యి చెల్లించాలి. అటవీశాఖ తన ఏటి నివేదికలో రిజర్వు విస్తీర్ణం పెరిగిందని రాసుకుంటే అది అభివృద్ధి. అదే ఏడు కొండ మీది కుటుంబం తన బ్రతుకును భయంతో కొలుచుకున్నది.

మూడవది వెట్టి. గూడెంలో డిప్యూటీ తహసీల్దారుగా ఉన్న బాస్టియన్ అనే అధికారి నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు పనులకు కొండజనాన్ని బలవంతంగా తోలించాడు. వారికి దక్కవలసిన కూలి సరిగా దక్కలేదు. ఎదురాడినవారికి దెబ్బలు తగిలాయి. సీతారామరాజు ఇతనిపై పై అధికారులకు ఫిర్యాదు చేసినా ఫలం లేకపోయింది. ఈ రోడ్డు ఈ చరిత్రకు నడిబొడ్డు వంటిది. ప్రభుత్వం దృష్టిలో రోడ్డు అంటే నాగరికత, వర్తకం, వైద్యం, పోలీసు. మన్యం ప్రజల దృష్టిలో అదే రోడ్డు తమ వీపుల మీదుగా వేసినది. దాని మీద మొదట వచ్చేది వైద్యుడు కాడనీ, గుత్తేదారూ షావుకారూ వస్తారనీ వారికి అనుభవం చెప్పింది. రోడ్డు మంచిదా చెడ్డదా అని విడిగా వాదించటం వ్యర్థం. దానిని ఎవరు అడిగారు, ఎవరి కష్టంతో వేశారు, ఎవరి కోసం వేశారు అన్నవి కలిపి చూడాలి.

ఇటువంటి స్థితిని గురించి అయిదు వందల ఏళ్లకు ముందే ఇబ్న్ ఖల్దూన్ (1332–1406) తన ముఖద్దిమాలో వివరంగా చర్చించాడు. దౌర్జన్యం నాగరికతను ఎలా నాశనం చేస్తుందో చెబుతూ, అన్ని దౌర్జన్యాల్లోనూ పెద్దవాటిలో ఒకటిగా ఆయన వెట్టి చాకిరీని లెక్కించాడు. ఆయన తర్కం సరళం: మనిషి శ్రమే అతని ఆస్తి, పేదకు వేరే ఆస్తి ఉండదు, ఆ శ్రమను ఊరకే లాక్కుంటే అతని బ్రతుకుతెరువే లాక్కున్నట్టు, ఆశ చచ్చినవాడు పని మానుకుంటాడు, దానితో రాజ్యమూ క్షీణిస్తుంది. గూడెంలో జనం పని మానుకోవటంతో ఆగలేదు.

ఇక్కడ ఒక ముస్లిం అధికారి పేరు స్మరించుకోవాలి. 1921 నాటికి సహాయ నిరాకరణ ప్రభావంతో సీతారామరాజు మన్యంలో కల్లు సారాలు మానమని, కోర్టులకు పోక పంచాయతీలలో తగవులు తీర్చుకోమని ప్రబోధిస్తున్నాడు. ప్రభుత్వానికి అనుమానం కలిగి, ఆయనను 1922 తొలి నెలల్లో మన్యానికి దూరంగా ఉంచి, కదలికలపై నిఘా పెట్టింది. ఆ సమయంలో పోలవరం డిప్యూటీ కలెక్టరుగా ఉన్న ఫజులుల్లా ఖాన్ ఆయనపట్ల సానుభూతి చూపి, అనుమానాలు తొలగేలా సాయపడ్డాడు. ఆ సాయంతోనే రాజు 1922 వేసవిలో తిరిగి మన్యంలో అడుగు పెట్టగలిగాడు. ఖాన్ ఉండగా తిరుగుబాటు చేయనని రాజు ఆయనకు మాట ఇచ్చినట్టు జీవితచరిత్రలలో కనిపిస్తుంది. ఆ మాట సంగతి ఎలా ఉన్నా, ప్రభుత్వోద్యోగంలో ఉంటూనే ఎదుటి మనిషి చెప్పేది విన్న అధికారి ఒకడైనా ఉన్నాడనటానికి ఇది నిదర్శనం. అటువంటి వారు మరికొందరు ఉంటే మన్యం చరిత్ర వేరుగా ఉండేదేమో.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడులు జరిగాయి. 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు రాజు దళానికి చిక్కాయి. గాం గంటం దొర, గాం మల్లు దొర సోదరులు ఆయనకు కుడి ఎడమలుగా నిలిచారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిషు అధికారులు చనిపోయారు. మలబారు స్పెషల్ పోలీసు, చివరకు అస్సాం రైఫిల్సు కూడా రావలసి వచ్చింది. రాజు మరణించిన నెలకు, 1924 జూన్ 7న, గంటం దొర కాల్పుల్లో మరణించాడు. పట్టుబడిన మల్లు దొర శిక్ష అనుభవించి, స్వాతంత్ర్యానంతరం 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

ఈ వీరగాథలో తరచు మరుగున పడే సంగతి ఒకటి ఉంది. 1879లో కల్లు గీతపై ఆంక్ష అన్యాయమని తిరగబడిన కొండజనం, నలభై ఏళ్ల తరువాత కల్లు మానమన్న మనిషిని తమ పెద్దగా అంగీకరించారు. అంటే వారి కొలబద్ద రాతి మీద చెక్కినది కాదు. ఏది మేలు, ఏది కీడు అన్న విషయంలో వారు ఆలోచించారు, మార్చుకున్నారు. బయటినుంచి రుద్దిన ఆంక్షను నిరాకరించి, తమలో కలిసి బ్రతికినవాడు చెప్పిన ఆంక్షను స్వీకరించారు. మదీనాలో మద్యనిషేధం అంచెలంచెలుగా వచ్చి, చివరి ఆజ్ఞ నాటికి ప్రజలు తమ చేతులతోనే కూజాలు వీధుల్లో పారబోసిన సంగతి తెలిసిన వారికి ఈ తేడా వివరించనక్కరలేదు.

ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. రికార్డుల్లో ఎక్కువగా వినిపించేవి ముఠాదారుల గొంతులు. వారికి ప్రభుత్వంతో ఉన్న తగాదా పాత గౌరవాలు, ఆదాయాలు తగ్గినందుకు. పోడు కొట్టే రైతు బాధ దానితో కొంతవరకే కలుస్తుంది. డేవిడ్ ఆర్నాల్డ్ అనే చరిత్రకారుడు 1982లో ఈ తిరుగుబాట్లపై రాసిన వ్యాసంలో ముఠాదారుల పాత్రను విశేషంగా చర్చించాడు. స్త్రీల మాట ఆ రికార్డుల్లో దాదాపు లేదు. కనుక “మన్యం ప్రజల అభిప్రాయం” అని ఏకవచనంలో చెప్పటం తేలిక, సరిగా చెప్పటం కష్టం. ముఠాదారీని ప్రభుత్వం 1969లో ఒక రెగ్యులేషను ద్వారా రద్దు చేసింది.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ప్రజలు తమ క్షేమాన్ని గురించి చెప్పేది ఎంతవరకు నమ్మదగినది? 1943 బెంగాల్ కరువు గడిచిన మరుసటి ఏడు, కలకత్తా దగ్గరి సింగూరులో అఖిల భారత ఆరోగ్య, పారిశుధ్య విజ్ఞాన సంస్థ ఒక సర్వే చేసింది. భార్యలు పోయిన మగవారిలో నూటికి 48.5 మంది తమ ఆరోగ్యం బాగులేదని గాని, అంతంత మాత్రమని గాని చెప్పారు. భర్తలు పోయిన స్త్రీలలో అలా చెప్పినవారు నూటికి 2.5 మందే. వితంతువులు మగవారికన్నా ఆరోగ్యంగా ఉన్నారని దీని అర్థమా? ఆ రోజుల బెంగాల్ పల్లెల్లో వితంతువు బ్రతుకు తెలిసినవారెవ్వరూ అలా అనరు. తనకు బాధ ఉన్నదని చెప్పుకునే హక్కు కూడా తనకు లేదని నేర్చుకున్న మనిషి జవాబు అది. అమర్త్య సేన్ ఈ సర్వేను పదే పదే ఉదహరించాడు. దీనికి తలక్రిందులుగా, ఆయుర్దాయంలో ముందున్న కేరళలోనే జబ్బు ఉన్నదని చెప్పుకునేవారు బీహారులో కన్నా ఎక్కువని కూడా ఆయన చూపాడు. చదువు, వైద్యం అందినవానికి జబ్బును జబ్బుగా గుర్తించే శక్తి వస్తుంది. మార్పు చెందే సమాజంలో ఫిర్యాదులు పెరగటం ఒక్కోసారి ఆరోగ్య చిహ్నమే.

ఆకలి విషయంలోనూ ఇటువంటి వింత కనిపిస్తుంది. జాతీయ నమూనా సర్వేవారు 1983 నుంచి ప్రతి ఇంటినీ రోజూ రెండు పూటలా కడుపునిండా తింటున్నారా అని అడుగుతూ వచ్చారు. 2004–05 నాటికి దేశపు పల్లెల్లో లేదని చెప్పిన ఇళ్లు నూటికి మూడుకు లోపే. అదే కాలంలో తలకు అందుతున్న ఆహారశక్తి తగ్గినట్టు ఆ సర్వేలే తేల్చాయి. శ్రమ తగ్గటం వల్ల అవసరం తగ్గిందా, జనం చాలింపు గీతే కిందికి జారిందా అన్నదానిపై ఆర్థికవేత్తల వాదన తెగలేదు.

ఇస్లామీయ న్యాయశాస్త్రంలో ప్రసిద్ధమైన సూత్రం ఒకటి ఉంది. ఇమామ్ షాఫిఈ (రహ్మ) పేరుతో దానిని చెబుతారు, ఉస్మానియా ప్రభుత్వపు మజల్లా కూడా దానిని చేర్చుకుంది. మౌనంగా ఉన్నవానికి ఏ మాటా అంటగట్టకూడదన్నది దాని సారం. లావాదేవీల కోసం చేసిన ఈ సూత్రాన్ని ప్రజల క్షేమ విచారణకు అన్వయిస్తే ఎంతో మేలు. కొండవాడు నవ్వుతూ ఉన్నాడు, ఏమీ అడగలేదు, కనుక బాగున్నాడు అన్న తీర్పు చెల్లదు. అతడు నోరు విప్పి చెప్పినదానికి మాత్రం సాక్ష్యబలం ఉంది. ఎందుకంటే బలహీనుడు నోరు విప్పటానికి చెల్లించే మూల్యం ఎక్కువ. హజ్రత్ ఉమర్ (రజి) రాత్రిపూట గస్తీ తిరుగుతూ, ఆకలితో ఏడ్చే పిల్లలను ఊరడించటానికి ఉత్త నీళ్లు పొయ్యి మీద పెట్టిన తల్లిని చూసిన ఉదంతం అందరికీ తెలిసినదే. ఎదుట ఉన్నది ఎవరో తెలియక ఆమె ఖలీఫాపైనే అల్లాహ్‌కు మొర పెట్టుకుంది. ఆయన ఆమెకు ఓర్పును గురించి ఉపన్యసించలేదు. పిండి మూటను తన వీపున మోసుకొచ్చాడు. ఖనాఅత్‌ను గురించి పేదల వాడలో ఉపన్యసించేవారు ఈ ఉదంతాన్ని సగంలో ఆపకుండా ఉంటే బాగుంటుంది.

మనిషి తన క్షేమాన్ని కొలిచే పనికి ఆధునిక శాస్త్రం ఒక నిచ్చెనను వాడుతున్నది. హాడ్లీ కాంట్రిల్ అనే అమెరికన్ పండితుడు 1965లో ప్రచురించిన గ్రంథంలో దీనిని వివరించాడు. అడుగున సున్నా, పైన పది. తాను ఊహించగల అతి చెడ్డ బ్రతుకు అడుగు మెట్టు, అతి మంచి బ్రతుకు పై మెట్టు. ఈ రోజు ఏ మెట్టు మీద ఉన్నావు అని అడుగుతారు. ఆ సర్వేలో భారతీయుల సగటు 3.7, నైజీరియనులది 4.8, ఈజిప్టువారిది 5.5, అమెరికనులది 6.6. ఈ అంకెలను వాడుకునే 1974లో రిచర్డ్ ఈస్టర్‌లిన్, ఒక దేశం ఆదాయం పెరిగినంత మాత్రాన ఆ దేశప్రజల సంతోషం అంతగా పెరగటం లేదని వాదించాడు. 2012 నుంచి వెలువడుతున్న ప్రపంచ సంతోష నివేదికలు కూడా ఈ నిచ్చెననే వాడుతున్నాయి. నిచ్చెనలోని చమత్కారం ఏమంటే, పై మెట్టు ఎక్కడున్నదో ఎవరికి వారే ఊహించుకోవాలి. ఊహ మారితే మెట్టూ మారుతుంది. అలవాటైన విలాసం అవసరమైపోతుందని ముఖద్దిమా ఏనాడో చెప్పింది.

మన్యంలో ఈ పై మెట్టు ఎలా కదిలిందో చూడటానికి గోదావరి వైపు కొండరెడ్ల ఉదాహరణ పనికివస్తుంది. హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు 1940ల ప్రారంభంలో నిజాం రాజ్యపు సరిహద్దు కొండల్లో వారి మధ్య ఉండి, 1945లో వారిపై ఒక గ్రంథం ప్రచురించాడు. కొండల పైన పోడు చేసుకునేవారు గింజకు కటకటపడినా తమ కాలానికి తామే యజమానులు. ఏటి ఒడ్డు పల్లెల్లో కలప గుత్తేదారుల కింద పనిచేసేవారి చేతిలో రూపాయి ఆడింది, కాని అప్పు వదల్లేదు. వీరిలో ఎవరు బాగున్నారో ఆదాయపు పట్టిక ఒక విధంగా చెబుతుంది. నిజాం ప్రభుత్వం ఆయనను సలహాదారుగా నియమించి గిరిజనులకు భూమి, బడులు కల్పించే పథకాలు మొదలుపెట్టింది. అయితే ఆ మెలకువ 1940లో కుమ్రం భీమ్ కాల్పుల్లో మరణించిన తరువాత వచ్చినదని మరువరాదు.

స్వాతంత్ర్యం తరువాత విశాఖ మన్యంలో కొత్త కొలతలు వచ్చాయి. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడి చింతపండు, తేనె, అడ్డాకు వంటివాటికి షావుకారు కాక మరో కొనుగోలుదారును చూపింది. 1959 నాటి మొదటి రెగ్యులేషనును 1970లో సవరించి, షెడ్యూలు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీని చెల్లకుండా చేశారు. పైకొండల్లో కాఫీ పాకింది. బడి, ఆసుపత్రి, బస్సు ఇప్పుడు కొండవాని కోరికల జాబితాలో ఉన్నాయి. డోలీలో గర్భిణిని మోసుకుపోయిన దృశ్యం పత్రికల్లో కనిపించినప్పుడల్లా ఆ పల్లె జనం అడిగేది రోడ్డు. వందేళ్ల క్రితం తాతలు తిరగబడిన కారణాల్లో ఒకటైన రోడ్డునే మనుమలు అడుగుతున్నారు. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. తాతల వీపున వేసిన రోడ్డు వేరు, తన బిడ్డ కోసం తాను అడిగే రోడ్డు వేరు.

2015 నవంబరులో ప్రభుత్వం జెర్రెల ప్రాంతంలో బాక్సైటు తవ్వకానికి సుమారు 1,200 హెక్టార్ల అటవీభూమిని మళ్లిస్తూ ఉత్తర్వు ఇచ్చినప్పుడు ఉద్యోగాలు, ఆదాయం అన్న మాటలు మళ్లీ వినిపించాయి. మన్యం ప్రజలు ఊటగెడ్డలను గురించి, కాఫీ తోటలను గురించి అడిగారు. 2019లో ఆ అనుమతులు రద్దయ్యాయి. షెడ్యూలు ప్రాంత భూమిని ప్రయివేటు కంపెనీలకు గనుల కోసం ప్రభుత్వం కూడా ఇవ్వరాదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పుట్టినది కూడా ఈ విశాఖ మన్యంలోనే, అనంతగిరి వైపు గ్రామాల నుంచి.

ఇమామ్ షాతిబీ (మరణం 1388) షరీఅత్ లక్ష్యాలను చెబుతూ ధర్మం, ప్రాణం, బుద్ధి, సంతానం, ఆస్తి అనే అయిదింటి రక్షణను తప్పనిసరి అవసరాలుగా లెక్కించాడు. వాటి తరువాతనే సౌకర్యాలు, ఆ పైన అలంకారాలు. ఖురైషు సూరాలో అల్లాహ్ తన అనుగ్రహాలుగా గుర్తు చేసినవి రెండు: ఆకలికి అన్నం, భయం నుంచి అభయం. గూడెం మన్యంలో అటవీశాఖ, రెవెన్యూ శాఖ, పోలీసు శాఖ మూడూ కలిసి రెండవదానిని తీసివేసి, మొదటిదానిని కొద్దిగా ఇస్తామన్నాయి.

2006 నాటి అటవీహక్కుల చట్టం కింద, 2005 డిసెంబరు 13కు ముందునుంచి అడవిభూమిని సాగుచేసుకుంటున్న గిరిజన కుటుంబం హక్కు కోరవచ్చు. విచారణ మొదలుపెట్టేది గ్రామసభ. ఆ చట్టపు నిబంధనలలో సాక్ష్యాల జాబితా ఉంది: ప్రభుత్వ రికార్డులు, పటాలు, ఇంటి గుర్తులు, బావులు, శ్మశానాలు. వాటితోపాటు, హక్కు కోరేవారు కాక గ్రామంలోని ఇతర పెద్దలు నోటితో చెప్పగా రాసుకున్న వాంగ్మూలం కూడా సాక్ష్యంగా చెల్లుతుంది.